ముద్ర లేని ప్లాను

నేను ఒక పాత కంప్యూటర్ డబ్బాని. నన్ను నేను డబ్బా అనుకుంటే చెల్లుతుంది. మీరెవరైనా అంటే మాత్రం ఊరుకోను. నన్ను తుక్కు అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో కొత్తగా మెరిసిన కంప్యూటర్లు ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. నేను మాత్రం చోడవరంలో ఒక రేకుల వసారాలో, స్టూలు మీద, నెత్తిన కుట్టుగుడ్డ కప్పుకొని దర్జాగా బతికే ఉన్నాను.

నాకు ఒక తల్లీ తండ్రీ అంటూ లేరు. పెద్ద కంపెనీ బిడ్డల్లా అట్టపెట్టెలో ఊరేగుతూ రాలేదు. విశాఖపట్నంలో ఒక ఇరుకు సందులో, స్క్రూడ్రైవర్ నోట కరుచుకున్న ఒక మెకానిక్ నన్ను ముక్క ముక్కా కూర్చాడు. నా బోర్డుది ఒక దేశం, మెమరీది ఇంకో దేశం, ఫ్యాను ఎవరో నచ్చలేదని తిరిగిచ్చేసింది. రేకు డబ్బా ఒక్కటే మన దేశానిది. ఆయన మొదటిసారి స్విచ్ వెయ్యగానే నేను కుయ్యిమని ఒక కేక పెట్టాను. ఆ కేకకి, పుట్టుకతోనే చెవులు వినపడని పక్క కొట్టు ఆసామి "ఎవర్రా అదీ!" అని ఉలిక్కిపడి లేచాడు. నమ్మకపోతే మానెయ్యండి. నేనక్కడ ఉన్నాను, మీరు లేరు.

మొదట నన్ను అనకాపల్లిలో ఒక నెట్ సెంటర్ వాడు కొన్నాడు. పరీక్షా ఫలితాల రోజున చూడాలి నా వైభోగం. పాసైనవాడు నా తెరని ముద్దు పెట్టుకునేవాడు, తప్పినవాడు నా నెత్తిన ఒక్కటిచ్చేవాడు. మార్కులు వేసింది నేను కాదు మొర్రో అని ఫ్యాను గిర్రున తిప్పుకోవడం తప్ప ఏం చెయ్యగలను? ఆ తర్వాత ఊరందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. నెట్ సెంటర్ బిర్యానీ కొట్టు అయింది. నన్ను ఒక శుభలేఖల అచ్చుకొట్టు వాడు తీసుకెళ్ళాడు. పెళ్ళిళ్ళ సీజను అయ్యేదాకా చాకిరీ చేయించుకుని, మూఢం రాగానే అమ్మేశాడు. అలా నేను చోడవరం వచ్చి, భీశెట్టి గోవిందరావు గారి ఇంటిప్లాన్ల ఆఫీసులో కుదురుకున్నాను.

ఇక్కడినుంచే అసలు కథ.

గోవిందరావు గారిని ఊళ్ళో ప్లాన్ గోవిందరావు అంటారు. మనిషి మంచివాడే, బద్ధకస్తుడు. ఆయన జీవితంలో గీసింది ఒకే ఒక్క ఇల్లు. మిగతావన్నీ దానికి పేరు మార్చి అచ్చు తీసినవే. "గీసిన ఇంటిని మళ్ళీ గియ్యడానికి నాకేమైనా పిచ్చా?" అనేవాడు. దాంతో ఏమైంది? చోడవరంలో కొత్తగా కట్టిన వీధులన్నిటా అదే ఇల్లు. అదే హాలు, ఆ మూలనే వంటిల్లు, కుడిచేతి పక్కనే స్విచ్‌బోర్డు. ఒక మధ్యాహ్నం ఒక లెక్కల మాస్టారు ఎండకి కళ్ళు బైర్లు కమ్మి ఒక వీధి ముందే మలుపు తిరిగాడట. తన ఇల్లే అనుకుని ఎవరింట్లోకో వెళ్ళి, చెప్పులు విడిచి, ఫ్యాను వేసుకుని, మంచం ఉండాల్సిన చోట మంచం ఉంటే పడుకుని నిద్రపోయాడట. కాసేపటికి ఆ ఇంటావిడ వచ్చి "భోజనానికి లేవండి" అందట. ఆవిడకి కూడా అనుమానం రాలేదు.

ఆ ఇంట్లో ఒక చిన్న లోపం ఉంది. బాత్‌రూం తలుపు లోపలికి తెరుచుకుని కమోడ్‌కి తగులుతుంది. లోపలికెళ్ళిన మనిషి తలుపు మూసుకోవాలంటే కమోడ్ మీదికి ఎక్కి నిలబడాలి. ఊరంతా ఎక్కుతోంది. ఇదేమిటని అడిగితే, "ప్లాన్లో అలాగే ఉందండీ. ముద్ర కూడా ఉంది" అనేవారు.

ఆ ముద్ర సంగతి చెప్పాలి. గోవిందరావు గారు నాలో వేయించిన బొమ్మలు గీసే సాఫ్టువేరు, చదువుకునే పిల్లలు నేర్చుకోవడానికని కంపెనీ ఊరికే ఇచ్చిన రకం. దాంతో వ్యాపారం చెయ్యకూడదు. ఎవరైనా చేస్తే తెలిసిపోవాలని, అచ్చు తీసిన ప్రతి కాగితానికీ నాలుగంచులా ఇంగ్లీషులో ఒక వరస దానంతటదే పడుతుంది: ఇది విద్యార్థుల సరుకుతో గీసింది అని. మామూలుగా అయితే సిగ్గుపడాల్సిన సంగతి. మన ఊళ్ళో ఏమైందంటే, మొట్టమొదట ప్లాను పట్టుకెళ్ళిన ఆసామి ఆ వరస చూసి, "ఓహో, గవర్నమెంటు ముద్ర!" అనుకున్నాడు. కాగితానికి నాలుగు పక్కలా, తలకిందులుగా కూడా ఇంగ్లీషు ఉందంటే అది ప్రభుత్వం కాక మరేమవుతుంది? పంచాయతీ వాళ్ళు అనుమతికి వేసే ముద్ర వేరే ఉంటుందని ఎవరికీ తట్టలేదు. మేస్త్రులు కూడా ముద్ర ఉన్న కాగితానికే పలుగు ఎత్తడం మొదలుపెట్టారు. గోవిందరావు గారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. మీసం సవరించుకుని ఊరుకున్నాడు. ఊరుకున్న మనిషిని అబద్ధాలకోరు అని ఎలా అంటాం చెప్పండి?

ఆ ఆఫీసులో నా ముందు కూర్చుని గీసే మనిషి నూకరత్నం. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివింది. ముప్ఫై దాటిన వయసు, గట్టి గొంతు, నవ్వితే ఆఫీసంతా వినిపిస్తుంది. ఆమె మొగుడు అప్పలకొండ ట్రాలీ ఆటో మీద బెల్లం దిమ్మలు తోలుతాడు. ఒకరోజు రత్నం ఆ బాత్‌రూం తలుపుని బయటికి తెరుచుకునేలా తిప్పి గీసింది. గోవిందరావు గారు వెనకనుంచి చూశాడు.

"ఏమ్మా రత్నం, తలుపు అటు తిప్పావేం?"

"ఇటైతే మూసుకోదండి."

"ఇన్నాళ్ళూ మూసుకున్నాయి కదా?"

"తలుపులు మూసుకోలేదండి. మనుషులు ముడుచుకున్నారు."

"నీ తెలివి ఇంటి దగ్గర పెట్టి రా తల్లీ. ఇక్కడ కావలసింది పేరు మార్చడం, ముద్ర సరిగ్గా పడేలా అచ్చు తియ్యడం."

ఆమె తలుపుని మళ్ళీ లోపలికే తిప్పింది. నా మౌసుని మాత్రం పీక నొక్కినట్టు పట్టుకుంది. పాపం, దాని తప్పేముంది?

తర్వాత కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఆ సాఫ్టువేరు మొరాయించింది. నీ విద్యార్థి గడువు అయిపోయింది, తాళంచెవి చూపించు అంది. లేదంటే నువ్వు గీసిన ఒక్క బొమ్మ కూడా తెరవనని మొండికేసింది. అది దాని హక్కు, నేను తప్పు పట్టను. బయట బెంచీ నిండా జనం. లోపల మా పొట్టలో ఊరందరి ఇళ్ళూ ఉన్నాయి, ఒక్క తలుపూ తెరుచుకోదు. గోవిందరావు గారు విశాఖపట్నం నుంచి ఎవరినో పిలిపించి, దొంగ తాళంచెవి ఒకటి పెట్టించాడు. పిల్లల సరుకుతో పుట్టిన బొమ్మలు కదా, ముద్ర మాత్రం అలాగే పడుతోంది. ఆ పూటంతా రత్నం నా ఖాళీ తెరని చూస్తూ కూర్చుంది. చివరికి పక్క కుర్చీ అమ్మాయితో అంది:

"నా చేత్తో గీసిన గీతలే! వాటి తాళం ఇంకొకడి మొలలో ఉండడమేటే?"

అదే వారం గోవిందరావు గారు కొత్త కంప్యూటర్లు తెప్పించాడు. నన్ను మెట్ల కింద పడేసి, పాత ఇనుప సామాను బండి కోసం ఎదురుచూడసాగాడు. అప్పుడు రత్నం వచ్చి "ఇది నాకిచ్చెయ్యండి సార్" అంది.

"దేనికమ్మా? ఇడ్లీలు వేస్తావా ఇందులో?"

"ప్లాన్లు గీస్తాను సార్. మా వసారాలో. నా పేరు మీద."

ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు ఉంది చూశారూ, ఇన్నేళ్ళ దుమ్ము దిగనంత లోతుకి దిగింది నాలో. గోవిందరావు గారు ఒక్కడే నవ్వలేదు. "తీసుకెళ్ళమ్మా. నీ కుర్చీ మాత్రం తియ్యనులే. నాలుగు రోజులు పోయాక నువ్వే వస్తావు" అన్నాడు. వెటకారమైతే ఓర్చుకోవచ్చు. ఆయన నిజంగా దయగా అన్నాడు. అది మరీ కాలింది ఆమెకి. నన్ను చంకన పెట్టుకుని గుమ్మం దాటుతూ పళ్ళు కొరుకుతుంటే నాకు వినపడింది.

వసారాలో స్టూలు మీద కూర్చోబెట్టి మొదట నా పొట్ట విప్పి, పాత పెయింట్ బ్రష్షుతో దుమ్ము దులిపింది. తర్వాత నాలో ఉన్న దొంగ సరుకంతా ఊడ్చేసి, పాత యంత్రాలకి సరిపడే ఉచిత సిస్టం వేసింది. ఒక్కసారిగా పదేళ్ళు చిన్నవాణ్ణయ్యాను. ఇంతకు ముందు నన్ను లేపితే జనం టీ తాగి వచ్చేవారు. ఇప్పుడు టీ పొయ్యి మీద పెట్టేలోపే లేస్తున్నాను.

ఇక గీసే సాఫ్టువేరు. కంపెనీ వాళ్ళది కొత్తది కొనాలంటే ఏడాదికోసారి అద్దె కట్టాలి, కట్టినా నా లాంటివాణ్ణి అది గుమ్మంలోకి రానివ్వదు. దొంగది వెయ్యనని రత్నం ఒట్టు పెట్టుకుంది. మిగిలింది ఒకటే దారి. ఎక్కడెక్కడో ఊరూ పేరూ తెలియని మనుషులు కలిసి రాసి, లోపలి గుట్టంతా విప్పి చూపించి, తీసుకోండి, వాడుకోండి, లోపముంటే బాగుచెయ్యండి, నలుగురికీ పంచండి అని వదిలేసిన సాఫ్టువేర్లు. ఫోన్లోంచి నెట్టు కలిపి ఆమె వాటిని దించుతుంటే, అప్పలకొండ పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఊరికే ఇచ్చాడంటే ఏదో మెలికుంటాది రత్నం. చూసుకో."

"నూకాలమ్మ జాతరలో అన్నదానం మూడు బంతుల్లో కూకొని తిన్నావు. అప్పుడు మెలిక గుర్తుకు రాలేదా మావా?"

అప్పలకొండ శనక్కాయలు తనకొక్కడికే ఒలుచుకున్నాడు.

మూడు సాఫ్టువేర్లు ఎంచింది. మూడింటికీ ఒకటే పరీక్ష పెట్టింది: వాళ్ళ సొంత ఇల్లు ఉన్నది ఉన్నట్టు గియ్యాలి. అదేమంత సులువు కాదు. పక్కవాడితో గట్టు తగాదా పుణ్యమాని ఆ ఇంటి పెరటి గోడ వంకరగా పోతుంది.

మొదటిది ముద్దుల బొమ్మరిల్లు. గోడలు లాగడం ఆలస్యం, సోఫాలు, మంచాలు, పూలకుండీలు తెచ్చి పెడుతుంది, ఇంట్లో నడుస్తున్నట్టు చూపిస్తుంది. అప్పలకొండ దాన్ని చూసి మైమరచిపోయి, తమ ఇంట్లో లేని సోఫా మీద చాలాసేపు కూర్చున్నాడు. కానీ పునాది లోతెంత, గుమ్మాల మీద లింటల్ ఎక్కడ, మెట్టు ఎత్తెంత, ఇలా మేస్త్రి అడిగే ప్రశ్నలకి అది సిగ్గుపడి తల దించుకుంది. ఇంటివాళ్ళకి చూపించుకోవడానికి పనికొస్తుందని రత్నం దాన్ని ఒక పక్కన ఉంచుకుంది.

రెండోది పెద్దాయన. మహా పండితుడు. ఇల్లంతా గట్టి ముద్దగా నిలబెడతాడు. ఒక్క కొలత మారిస్తే దాని వెంట ఉన్నవన్నీ తనే మార్చేస్తాడు, ఇంటిని పనసపండులా కోసి లోపల ఏముందో చూపిస్తాడు. అంత చదువుకున్నవాడితో మాట్లాడాలంటే మనకీ కొంత చదువుండాలి. పైగా ఆయన నాలో కాలు పెడితే నాకు ఆయాసం. ఒక గోడ ఎత్తమన్నాడు. ఎత్తుతూ ఎత్తుతూ వేడెక్కిపోయాను. నా మీద అప్పడం పెడితే వేగేది. నిజానికి అప్పలకొండ పెట్టి చూశాడు కూడా. "ఆయనకి నమస్కారం. మంచి మిషను కొన్నప్పుడు పిలుద్దాం" అంది రత్నం.

మూడోది బక్కపల్చటి గీతల మనిషి. వాడికి గీత తప్ప వేరే లోకం లేదు. సోఫాలు లేవు, పూలకుండీలు లేవు. గోడలొక పొర, కరెంటు తీగలొక పొర, నీళ్ళ గొట్టాలొక పొర. కావలసిన పొర ఉంచుకుని మిగతావి దాచెయ్యొచ్చు. అడుగులు అంగుళాల్లో చెబితే అడుగులు అంగుళాల్లోనే వింటాడు. వంకర గోడ వంకరగానే వచ్చింది. అచ్చు తీస్తే స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. దాచిన బొమ్మని ఇంకే సాఫ్టువేరులోనైనా తెరుచుకోవచ్చు, తాళం లేదు. ఒక్కటే చిక్కు, తెలుగు అక్షరాలు రాయమంటే ముక్కలు ముక్కలుగా విరిచి పెట్టాడు. "పోన్లే, అంత పని చేసిపెట్టావు, గదుల పేర్లు నేను పెన్నుతో రాసుకుంటాను" అని రత్నం వాడినే ఖాయం చేసింది. నన్నడిగితే నేనూ వాడినే ఎంచేవాణ్ణి. తక్కువ తిని ఎక్కువ పనిచేసేవాడంటే నాకిష్టం.

బోర్డు కట్టింది. జనం రాలేదు. వచ్చినవాళ్ళు గోడకి తగిలించిన నమూనా కాగితం చూసి, అంచులు తడిమి, "ముద్ర ఏదమ్మా?" అని వెళ్ళిపోయారు. నెలలు గడిచాయి. కట్టుకున్న మొగుడే ఒకటి రెండుసార్లు "గోవిందరావు గారు కుర్చీ ఉంచారంట కదా" అని గొణిగాడు. ఆమె విననట్టు నా తెర తుడిచింది. అప్పటికి తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

అలాంటప్పుడు వచ్చాడు గొంతిన సన్యాసినాయుడు. బెల్లం వ్యాపారి. అప్పలకొండ తోలేది ఆయన సరుకే. ఊరి శివార్లో పెద్ద స్థలం కొని ఇల్లు కట్టుకుంటున్నాడు. వాళ్ళమ్మ పైడమ్మ తుంటి ఎముక విరిగి, నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని నడుస్తోంది. "మా యమ్మకి వీలుగా ఉండాలి. మిగతాది నీ ఇష్టం" అన్నాడు. రత్నం ఆ ఇంటిని పిల్లని పెంచినట్టు పెంచింది. పైడమ్మ ఇంటికెళ్ళి వాకరు వెడల్పు కొలిచింది, మంచం మీంచి లేస్తే చెయ్యి ఎక్కడికి అందుతుందో చూసింది. గుమ్మాలు వెడల్పు చేసింది, గడపలు తీసేసింది. స్విచ్చులు, కుళాయిలు, పట్టుకునే కడ్డీలు అన్నీ పొరలు పొరలుగా గీసింది. ఈ ఒక్క ఇల్లు లేస్తే ఊరు తనవైపు చూస్తుంది. లేవకపోతే ఆ కుర్చీయే గతి. నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

అచ్చు తీసిన కాగితాలు నాయుడు చేతికిచ్చింది. ఆయన తిప్పాడు, మడిచాడు, వెలుతురుకి పెట్టి చూశాడు.

"అంతా బాగుంది గానీ, ముద్ర ఏదీ?"

"అది ముద్ర కాదు నాయుడుగారూ. పిల్లల సరుకు దొంగతనంగా వాడారని పడే గుర్తు. నేను దొంగతనం చెయ్యలేదు కాబట్టి పడలేదు."

"ఊరందరి ఇళ్ళకీ ఉందమ్మా. ఊరంతా దొంగలేనా?"

"ఊరంతా కాదండి, కాగితం."

"నాకవన్నీ తెలవవు. దేముడు మేస్త్రి ముద్ర లేనిదే పునాదికి ముగ్గు పొయ్యనన్నాడు. ఎందుకైనా మంచిదని గోవిందరావు దగ్గర కూడా ఒకటి తెచ్చాను. అడిగిన పూటే ఇచ్చాడు, నాలుగంచులా ముద్రుంది. రేపు పొద్దున్నే శంకుస్థాపన. ముద్ర ఏస్తే నీది కడతాను, లేదంటే అతగాడిది."

ఆయన వెళ్ళాక అప్పలకొండ మెల్లగా అన్నాడు, "ఆ ఇంగ్లీషు ముక్క నువ్వే రాసి పడీ రత్నం. గీతలు గియ్యడమే కదా నీ పని."

"చెయ్యని దొంగతనానికి గుర్తు ఏసుకోమంటావా మావా? చేసినోడు కూడా అంత పని చెయ్యడు."

నిజంగానే రాయడం ఎంతసేపు? నాలుగు గీతల పని. మౌసు మీద ఆమె చెయ్యి ఆగింది. నేను ఫ్యాను కూడా నిలిపేశాను. అప్పుడామె నా తీగలన్నీ ఊడబీకింది. అయిపోయింది, నేను తుక్కుకే అనుకున్నాను. కాదు. తెల్లారగానే నన్నూ నా తెరనీ దుప్పట్లో చుట్టి, అప్పలకొండ ట్రాలీలో, బెల్లం దిమ్మల మీద కూర్చోబెట్టింది. చోడవరం మెయిన్ రోడ్డు మీద అలా ఊరేగాను. గోవిందరావు గారి ఆఫీసు ముందునుంచి వెళ్తుంటే ఛాతీ విరుచుకున్నాను. రేకు డబ్బాకి ఛాతీ ఏమిటంటారా? మీకు కనపడకపోతే నేనేం చెయ్యను.

స్థలం దగ్గర పంతులుగారు ఇంకా రాలేదు. దేముడు మేస్త్రి ముగ్గుపిండి తట్టతో సిద్ధంగా ఉన్నాడు. పక్క చేను మోటారు షెడ్డులోంచి తీగ లాగి, సిమెంటు బస్తాల మీద నన్ను పెట్టి, ఎండ తగలకుండా తెరకి దుప్పటి ముసుగేసింది రత్నం. నాయుడు, పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో పైడమ్మ, చుట్టూ కూలీలు వింత చూస్తున్నారు.

"నాయుడుగారూ, స్థలం పెద్దదే కదా. రెండు ప్లాన్లకీ పక్కపక్కన ముగ్గు పోయించండి. గోడలు, గుమ్మాలు, మంచాలతో సహా. మామ్మ రెండిళ్ళలోనూ తిరిగి చూస్తాది. తర్వాత మీ ఇష్టం."

దేముడు తట్ట దించేశాడు. "పునాదికి ముగ్గు పోస్తాం గానీ మంచాలకీ కమోడ్లకీ పోస్తారా ఎవులైనా? నన్ను చూసి మేస్త్రులు నవ్వరా సెల్లీ?"

"పొయ్యరా దేముడూ" అంది పైడమ్మ. "నా ఇంట్లో నాను నడిచి చూడకూడదా? పొయ్యి."

పోశాడు. ఎర్రనేల మీద తెల్లగా రెండిళ్ళు లేచాయి. పైడమ్మ వాకరు పట్టుకుని ముందు గోవిందరావు గారి ఇంట్లోకి వెళ్ళింది. ముద్ర ఉన్న ఇల్లు కదా, అందరూ మర్యాదగా చూస్తున్నారు. హాలు దాటింది. బాత్‌రూం గుమ్మం దగ్గర వాకరు కాళ్ళు రెండు పక్కలా గోడల మీద పడ్డాయి. ముగ్గు చెదిరిపోయింది.

"గోడలు కూలిపోయాయిరా సన్నాసీ" అంది.

"ముగ్గు కదమ్మా, వచ్చెయ్యి లోపలికి."

లోపలికి వెళ్ళింది. "తలుపు ఏదీ?" అనడిగింది. తలుపు లేదుగా. రత్నం దేముడు మేస్త్రి వైపు చూసింది. ఏం చెయ్యాలో తోచక ఆయనే గుమ్మం గీత దగ్గర నిలబడి, చెయ్యి బారు చాపి తలుపయ్యాడు. ప్లాన్లో ఉన్నట్టు లోపలికి తిరిగాడు. తిరిగి వెళ్ళి వాకరుని గుద్దాడు. మళ్ళీ తిరిగాడు. ఈసారి పైడమ్మ భుజానికి తగిలాడు.

"ఓరి నీ తలుపు తగలెయ్యా! ముసిల్దాన్ని కమోడ్ మీదకి ఎక్కిస్తావేట్రా?"

కూలీలు పడీ పడీ నవ్వారు. వాళ్ళల్లో కొందరు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళిళ్ళూ అవే మరి. దేముడు మాత్రం తలుపుగానే నిలబడి, "అయితే ముద్ర..." అన్నాడు. ఎవరూ వినలేదు.

తర్వాత పైడమ్మ రత్నం ఇంట్లోకి వచ్చింది. గుమ్మాలు ఎక్కడా తగల్లేదు. బాత్‌రూంలో వాకరుతోనే ఒక చుట్టు తిరిగింది. దేముడు తలుపై బయటికి తెరుచుకున్నాడు, ఎవరికీ తగల్లేదు. తన గదిలోకి వచ్చి నాలుగు వైపులా చూసి, "కిటికీ ఇటెందుకే గుంటా? రోడ్డు అటుంది కదా. బెల్లం బళ్ళు ఎల్తుంటే చూడాలి నాను" అంది రత్నంతో.

రత్నం పరుగున నా దగ్గరకొచ్చింది. నేను ఎండలో ఉడికిపోతున్నాను. ఫ్యాను గాల్లోకి లేస్తుందా అన్నంత గట్టిగా తిరుగుతోంది. అయినా ఆగానా? ఆమె కిటికీని తూర్పు గోడకి జరిపింది, మంచం తిప్పింది, ఆ గోడలోంచి పోయే కరెంటు తీగ పొర తెరిచి దాన్నీ పక్కకి తప్పించింది. "ఇక్కడ పొయ్యి అన్నా" అంటే దేముడు వెళ్ళి కొత్త కిటికీ పోశాడు. కొత్త కాగితం అచ్చు తీసేదాకా ఆగమని కూడా అడగలేదు. నా తెరలోకి తొంగి చూసి పోశాడు.

ఇంతా చూసి కూడా నాయుడు గడ్డం గోక్కుంటున్నాడు. వ్యాపారస్తుడు కదా, కళ్ళతో చూసినదాన్ని కూడా ఇంకొకరు ఒప్పుకోవాలి. "అంతా బాగానే ఉంది. కానీ అమ్మా, రేపెవడైనా అడిగితే? ముద్ర లేని ఇల్లు కట్టాడంటారు. నా మాట విను. గోవిందరావు ప్లానే తీసుకుందాం, ఆ తలుపు ఒక్కటీ మార్పించుకుందాం. ఒరే దేముడూ, ఆ పక్క ముగ్గు చెరిపెయ్."

దేముడు కదల్లేదు. రత్నం మొహం తెల్లబోయింది. నాతో చెబుతున్నట్టు నా డబ్బా మీద చెయ్యి పెట్టింది. 

పైడమ్మ వాకరు పక్కన పెట్టి, తన గదిలో, తన మంచం గీసి ఉన్న చోట మెల్లగా నేల మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుని కొత్త కిటికీ వైపు తిరిగింది.

"ఇది నా గది. చెరపండి చూత్తాను. నా మీంచి చెరపండి."

"లెగమ్మా, పంతులుగారు వస్తున్నారు, ఎండ..."

"ఎండేటి? నా ఇంట్లో ఉన్నాను. నా మీద కప్పుంది. లెగను."

పంతులుగారు వచ్చారు. ముసలామె లేవలేదు. గోడలుంటే తలుపు బద్దలుకొట్టి ఖాళీ చేయించవచ్చు. గోడలే లేని ఇంట్లో కూర్చున్న మనిషిని ఎవరేం చేస్తారు? కూలీలు గొడుగు తెచ్చారు, వద్దంది. పంతులుగారు ముహూర్తం మించిపోతోందన్నారు. "నాను గృహప్రవేశం చేసేశాను బాబూ, ఇంక మీరు చేసేదేటి ఉంది?" అంది. ఆ మాటకి పంతులుగారికే నవ్వొచ్చింది.

నాయుడు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఫ్లాస్కులోంచి టీ గ్లాసులో వొంపుకుని, తల్లిని బతిమాలడానికి గీతలు దాటి గబగబా గదిలోకి అడుగు పెట్టబోయాడు.

"ఒరే సన్నాసీ! గోడలోంచి వస్తావేట్రా? గుమ్మం అటుంది."

నాయుడు కాలు గాల్లోనే ఆపాడు. చుట్టూ ఊరు చూస్తోంది. ఒక్క క్షణం నిలబడి, వెనక్కి వెళ్ళాడు. గ్లాసు ఒలక్కుండా ఇల్లంతా చుట్టి వీధి గుమ్మంలోంచి వచ్చి, హాలు దాటి, కుడికి తిరిగి, తల్లి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అక్కడ చెప్పులు కూడా విడిచాడు.

"టీ అమ్మా."

"అలా రా" అంది ఆవిడ.

దేముడు మేస్త్రి పలుగు భుజాన వేసుకున్నాడు. నాయుణ్ణి అడగలేదు. రత్నం దగ్గరకొచ్చాడు. "ఈ పక్కనుంచే తవ్వమంటావా సెల్లీ?"

సరిగ్గా అప్పుడే ఎండదెబ్బకి నేను ఆరిపోయాను. పోయిందనుకున్నారు అందరూ. అప్పలకొండ నన్ను రెండు చేతులా ఎత్తుకుని మోటారు షెడ్డు నీడలోకి పరిగెత్తాడు, నెత్తిన నీళ్ళు చల్లబోతే రత్నం కేకేసి ఆపింది. సాయంత్రానికి మళ్ళీ కుయ్యిమని లేచాను. కిటికీ తూర్పునే ఉంది, ఎక్కడికీ పోలేదు.

ఇప్పటికీ చోడవరంలో ముద్రలున్న ప్లాన్లు అచ్చవుతూనే ఉన్నాయి. గోవిందరావు గారు ఆ ఇల్లే గీస్తున్నాడు, ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచాడట. ఉంచుకోనివ్వండి. పాత ఇనుప సామాను బండివాడు రోజూ మా వసారా ముందు ఆగి, నా వైపు ఆశగా చూసి, కావాలని గట్టిగా కేకేస్తాడు. నేను ఫ్యాను ఇంకాస్త చప్పుడుగా తిప్పుతాను. ఇక్కడ పని జరుగుతోంది, ముందుకి పో.